మైనంలో నీటికాకి

నేను ఒక ముద్రను. మీ పాత తాలూకా కచేరీల్లో లక్క కరిగించి సీలు నొక్కేవారు చూశారూ, నా పనీ అదే. కాకపోతే నేను ఇత్తడిదాన్ని కాను. మంచుసముద్రంలో తిరిగే వాల్రస్ అనే జంతువు కోరతో నన్ను చెక్కారు. నా కింద పరిచేది లక్క కాదు, తేనెమైనం. కోడిగుడ్డంత ఉంటాను. నా ముఖం మీద ఒక పడవ, పడవ ముక్కున రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్న నీటికాకి, చుట్టూ తిరగేసిన అక్షరాల్లో యార్ల్ ఆర్న్‌కెల్ పేరు.

నన్ను చెక్కిన ముసలాయన నీటికాకిని ఎన్నడూ దగ్గర నుంచి చూడలేదు. అందుకే అది కాస్త బొద్దుగా వచ్చింది. ఆర్న్‌కెల్ నన్ను మొదటిసారి చేతిలోకి తీసుకుని, "బాతును చెక్కావేమయ్యా?" అన్నాడు.

"కడుపు నిండిన నీటికాకి దొరా" అన్నాడు ముసలాయన.

ఆర్న్‌కెల్ నవ్వి నన్ను నడుముకున్న తోలుసంచిలో వేసుకున్నాడు. ఇది ఎనిమిది వందల ఏళ్ళ కిందటి మాట.

ఆర్న్‌కెల్ ఏలే చోటు పేరు స్కార్వే. వాళ్ళ భాషలో నీటికాకుల దీవి అని అర్థం. స్కాట్లండుకు ఉత్తరాన, చెట్టన్నది నిలవని గాలిలో అలాంటి దీవులు కొన్ని ఉన్నాయి. వాటి పెద్దను యార్ల్ అంటారు. రాజుకు తక్కువ, జమీందారుకు ఎక్కువ అనుకోండి. ఆ కుటుంబం ఇద్దరు రాజులకు తల వంచాలి. దీవులను ఏలుకోమన్నది నార్వే రాజు. జలసంధికి అవతల ఉన్న గ్లెన్‌హార్ లోయ మాత్రం స్కాట్లండు రాజు కిందిది. ఆ లోయ ఆర్న్‌కెల్ భార్య బెథోక్‌కు తల్లి నుంచి సంక్రమించింది. దీవుల్లో గొర్రెలూ చేపలే. పడవలకు కలప, తినడానికి బార్లీ ఆ లోయ నుంచే రావాలి.

రాజులు ఇద్దరైతే వారసత్వపు లెక్కలూ రెండే. నార్వే లెక్కలో తండ్రి రక్తం ఉంటే చాలు, తల్లికి పెళ్ళయిందా లేదా అని ఎవరూ అడగరు. ఆడపిల్ల వంతు మాత్రం అందరికంటే ఆఖరున. స్కాట్లండు లెక్కలో కొడుకు లేకపోతే కూతురిదే ఆస్తి. పెళ్ళి కాని తల్లికి పుట్టినవాడికి గుప్పెడు మట్టి కూడా రాదు. ఎవరికి ఏ లెక్క కలిసొస్తే దాన్ని వాళ్ళు దేవుడి ఆజ్ఞ అనేవారు.

ఆర్న్‌కెల్‌కు ఐవార్ అని ఒక తమ్ముడున్నాడు. తండ్రి ఉంచుకున్న మనిషికి పుట్టినవాడు. పొద్దున దీవిలో పడవెక్కేటప్పుడు ఐవార్ యార్ల్ గారి కొడుకు. మధ్యాహ్నం లోయలో దిగేసరికి ఎవరికీ ఏమీ కాడు. అయినా అన్నంటే ప్రాణం పెట్టేవాడు. ఆ మాట నేను ఒప్పుకోవాలి.

ఆర్న్‌కెల్‌కు ఇద్దరు పిల్లలు, ఎర్లింగ్, మ్యూరియల్. బెథోక్ జ్వరంతో పోయాక, పాలిచ్చి పెంచిన థోరానే మ్యూరియల్‌కు అమ్మ అయింది. థోరా ఆ ఇంటి బానిస. చర్చికి మైనపు వత్తులు పోసేది. ఆ మైనం మీద నన్ను నొక్కడం నేర్చుకున్న మ్యూరియల్‌కు అది ఆటగా మారింది. "వేలు కాల్చుకుంటావే" అంటూనే తండ్రి నన్ను ఆమె చేతికిచ్చేవాడు. ఉప్పునీళ్ళు తగిలితే దంతం పగులుతుందని ప్రయాణాలకు నన్ను వెంట తీసుకెళ్ళేవాడు కాదు. అప్పుడు ఆ పిల్ల మెడలో తోలుతాడుకు వేలాడుతూ ఉండేదాన్ని.

ఆమె పద్నాలుగో ఏట, వయసొచ్చిన కొడుకును స్కాట్లండు రాజుకు చూపించి వద్దామని ఆర్న్‌కెల్ బయలుదేరాడు. జలసంధిలో పోటూ పాటూ ఎదురెదురుగా కొట్టుకునే చోటొకటి ఉంది. పడవ అక్కడ తిరగబడింది. ఒక తెడ్డు, ఎర్లింగ్ ఉన్నిటోపీ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మనుషులు రాలేదు.

ఐవార్ ఇసుకలో కూలబడి పెద్దగా ఏడ్చాడు. అది నటన కాదు. ఆ సాయంత్రమే హాల్లో నిప్పుగూడు దగ్గర తన మనుషులతో మాట్లాడుతుంటే మెట్ల మీద నిలబడ్డ మ్యూరియల్ విన్నది. ఆమె మెడలో ఉన్న నేనూ విన్నాను.

"ఇక లోయ పిల్లదవుతుంది. పిల్లకు మొగుడెవరో స్కాట్లండు రాజు చూస్తాడు. వచ్చేవాడు మనకు బార్లీ ఆపుతాడు, కలప ఆపుతాడు, మూడో ఏడు దీవులు కూడా మింగుతాడు" అన్నాడు ఐవార్. "అన్న ముద్ర దొరకనీ. బతికుండగానే లోయ నాకు రాసిచ్చాడని దస్తావేజు పుట్టిద్దాం."

మరునాడు అతను ఆమె దగ్గరికొచ్చి తల నిమిరాడు.

"మీ నాన్న ముద్ర ఎక్కడుందమ్మా?"

"నాన్నతోనే పోయింది బాబాయ్."

"ప్రయాణాలకు దాన్ని తీసుకెళ్ళేవాడు కాదే."

"ఈసారి తీసుకెళ్ళాడు."

ఐవార్ చూపు ఆమె ముఖం నుంచి మెడకు దిగింది. అప్పటికి నేను ఆమె మెడలో లేను. తెల్లవారకముందే థోరా నన్ను ఒక నారవత్తి పక్కన కట్టి, చల్లారుతున్న మైనంలో ముంచి తీసింది. మళ్ళీ ముంచింది. ఒక్కో పొర చుట్టుకుంటుంటే నాకు వెలుతురు తేనెరంగులోకి, తేనెరంగు నల్లగా మారుతూ వచ్చింది. చివరికి మణికట్టంత లావు వత్తి తయారైంది. దాని నడుమ నేను.

ఐవార్ మనుషులు పరుపులు చీల్చారు. పిండి తొట్లు బోర్లించారు. పొయ్యిలో బూడిద జల్లెడ పట్టారు. ఒకడు వత్తిని కూడా ఎత్తి, వాసన చూసి, కింద పెట్టాడు.

"గుర్తొచ్చేదాకా పైన ఉండు. ఇది చెర కాదమ్మా. నీ క్షేమం కోసమే" అన్నాడు ఐవార్. ఇంటి కొసన సముద్రం వైపు ఉన్న పాత రాతిబురుజులో, ఉన్ని మూటలు దాచే పై గదిలో ఆమెను ఉంచి తలుపుకు బయట గడియ వేయించాడు. వెంట ఏం తీసుకెళ్తావని అడిగితే ఆమె ఒక కదురు, మైనపు వత్తి అడిగింది.

"వత్తెందుకు?"

"నాన్న దేహం దొరికిన రోజున వెలిగిస్తాను."

చనిపోయిన అన్న పేరు మీద మొక్కు. ఐవార్ కాదనలేకపోయాడు.

అలా మేమిద్దరం లోపల పడ్డాం. ఆమె రాళ్ళ మధ్య, నేను మైనం మధ్య. ఆ గదికి గోడ మందంలో చీలిక లాంటి కిటికీ ఒకటే. అందులోంచి చెయ్యి పడుతుంది, తల పట్టదు. నాకు అదీ లేదు. తేనె వాసన తప్ప ప్రపంచం లేదు. ముద్రకు వినడమే మిగిలింది కాబట్టి విన్నాను. గాలి, అల, గడియ, మళ్ళీ గాలి.

ఆ దేశంలో చలికాలం మీరు ఊహించలేరు. సూర్యుడు కొద్ది గంటలు సముద్రం అంచున తొంగిచూసి దిగిపోతాడు. మిగతా పొద్దంతా చీకటే. ఉన్ని అంటుకుంటుందన్న సాకుతో ఆమెకు చమురుదీపం ఇవ్వలేదు. ఆ చీకట్లో వేళ్ళతో తడుముకుంటూ నూలు వడికేది. చేతిలోనే వెలుగుంది, వెలిగించడానికి లేదు. ఒక్కోసారి వత్తిని గుండెకు హత్తుకుని కూర్చునేది. ఆమె వేడికి నా చుట్టూ మైనం కాస్త మెత్తబడేది. వెలిగించుదామా అని ఎన్నిసార్లు అనుకుందో, ఆ చేతులు బిగుసుకోవడంలో నాకు తెలిసేది.

మాట్లాడేవాళ్ళు లేక గొంతు పోతుందేమోనని తన వంశాన్ని పైకి చదువుకునేది. యార్ల్‌ల వరుస హాల్లో విని నేర్చుకున్నదే. తల్లి వైపు వరుస బెథోక్ నిద్రపుచ్చుతూ నేర్పింది. అందులో మూలపురుషుడు తప్ప అందరూ ఆడవాళ్ళే. "మురెడాక్ కూతురు ఎథ్నే. ఎథ్నే కూతురు బెథోక్. బెథోక్ కూతురు..." అక్కడికొచ్చి ఆగేది. తన పేరు తనే పలకడానికి ఆమెకు ఏదో అడ్డం పడేది.

థోరా రోజూ తిండి తెచ్చేది. పిల్ల ఎదిగేకొద్దీ గౌను అంచు విప్పి కిందికి దించి కుట్టేది. దించడానికి గుడ్డ మిగలని ఏడాది తన దుప్పటి చించి అతుకు వేసింది. ఐవార్ అప్పటికి యార్ల్ అయ్యాడు. పిల్ల జబ్బున పడిందని మొదట అందరికీ చెప్పాడు. తర్వాత ఏమీ చెప్పడం మానేశాడు. అన్న కూతుర్ని చంపడం పాపమని అతనికి తెలుసు. మరచిపోవడం పాపమని ఏ గురువూ చెప్పలేదు.

ఒక చలికాలం గడియ వేళ కాని వేళ కదిలింది. వచ్చినవాడు ఐవార్ కొడుకు కోల్‌బైన్. మ్యూరియల్ కంటే నాలుగైదేళ్ళు పెద్ద. చిన్నప్పుడు ఆమెను భుజాల మీద మోసినవాడు.

"నాన్న పంపాడు" అన్నాడు, గుమ్మం దగ్గరే నిలబడి.

"ముద్ర కోసమా?"

"కాదు. నిన్ను పెళ్ళి చేసుకోమంటున్నాడు. అప్పుడు దస్తావేజుల గొడవే ఉండదట. లోయా దీవులూ ఒక్కచోటే ఉంటాయట. తలుపు తెరుస్తాడట."

కదురు ఆగింది.

"నువ్వు నాకు అన్నవి" అంది మ్యూరియల్.

"చర్చి కూడా ఒప్పుకోదు. రోమ్ నుంచి అనుమతి తెప్పిస్తానంటున్నాడు."

"నేనడిగింది చర్చి సంగతి కాదన్నా. నిన్నే అడుగుతున్నాను. తలుపు తెరిస్తే నేను బయటికి వెళ్తానా, కింది గదిలోకి వెళ్తానా?"

సంభాషణలో చిక్కుకున్న మగవాళ్ళు చేతులకు పని వెతుక్కుంటారు. "ఇంత చీకట్లో ఎలా ఉంటున్నావు? ఆ వత్తి ఉందిగా" అంటూ కోల్‌బైన్ చెకుముకి రాయి తీశాడు. ఉక్కుముక్క దాన్ని గీరిన చప్పుడు నాకు వినబడింది.

"వద్దు!"

ఆ అరుపుకు కోల్‌బైన్ ఆగిపోయాడు. ఒక చెల్లెలు వెలుగును చూసి ఎందుకంత బెదిరిందో ఆలోచించాడేమో. వత్తిని చేత్తో ఎత్తాడు. అందులో ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువ బరువుంది. మెల్లగా కింద పెట్టాడు. వెళ్ళేటప్పుడు చెకుముకి రాయినీ ఉక్కుముక్కనూ కిటికీ గూట్లో వదిలేశాడు. మరచిపోయాడో, కావాలనే వదిలాడో నేను చెప్పలేను. కింద తండ్రితో మాత్రం "ఒప్పుకోలేదు. అక్కడ ఏమీ లేదు" అన్నాడని థోరా చెప్పింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు, ఒక చలికాలం మొదట్లో స్కాట్లండు రాజు పంపగా ఫాదర్ మాల్డోవెన్ అనే మతగురువు ఓడలో వచ్చాడు. గ్లెన్‌హార్ లోయకు వారసులెవరో తేల్చుకుని వెళ్ళాలి. హాల్లో దీపాలు పెట్టి, దీవుల ఆచారం ప్రకారం వంశావళి చదివించారు. మరునాటి మధ్యాహ్నం, పొద్దు వాలుతుండగా, థోరా రొట్టె తీసుకుని పైకి వచ్చింది.

"నీ పేరు చదవలేదు తల్లీ. మీ నాన్న దాకా వచ్చి, ఎర్లింగ్ పేరు చెప్పి, ఇద్దరూ నీళ్ళపాలయ్యారన్నారు. తర్వాత మీ బాబాయి పేరు. ఓడలో వచ్చిన ఫాదర్ అలాగే రాసుకున్నాడు."

"నేను చచ్చిపోయానన్నారా?"

"అదీ అనలేదు. నువ్వు పుట్టనేలేదన్నట్టు చదివారు. ఆయన ఓడ ఇప్పుడే బయలుదేరుతోంది. సముద్రం పాటు కోసం చూస్తున్నారు."

మ్యూరియల్ లేచింది. వత్తిని కిటికీ గూట్లో నిలబెట్టింది. ఇన్నేళ్ళూ ముట్టుకోని చెకుముకి రాయి చేతిలోకి తీసుకుంది. నిప్పురవ్వ ఉన్నిపీచు మీద పడి, పీచు నుంచి వత్తికి పాకింది.

మైనం కరిగి నా భుజం బయటపడినప్పుడు నాకు మొదట కనిపించింది ఆ ముఖం. పద్నాలుగేళ్ళ పిల్ల మైనం అవతల ఉండిపోయింది. నా ఎదుట ఉన్నది పాలిపోయిన, ఎదిగిన ఒక ఆడమనిషి, కళ్ళు మాత్రం చిట్లించుకుని, వెలుగును భరించలేక నీళ్ళు కారుస్తూ. మంట నా పక్క నుంచే వెళ్ళింది. నా నడుము మీద గోధుమరంగు మచ్చ ఆ రోజుదే. మైనమంతా కరిగేదాకా ఆమె ఆగలేదు. వేడి మైనంలోకి వేళ్ళు దించి నన్ను పీకింది. అరచేతిలో మైనపు ముద్ద ఒకటి పోసుకుని, చర్మం కాలుతున్నా లెక్కచెయ్యక నన్ను దాని మీద నొక్కింది. ఎన్నేళ్ళకో నా నీటికాకి మళ్ళీ లేచి నిలబడింది.

"ఆయనకు చూపించు. మెత్తగా ఉండగానే చూపించాలి. బురుజు వైపు చూడమను."

థోరా ఆ బిళ్ళను రొట్టె కింద పెట్టుకుని రేవుకు పరిగెత్తింది. రేవులో జరిగింది ఆమె తర్వాత చెప్పగా విన్నాను. ఓడ తాళ్ళు విప్పుతున్నారు. ఫాదర్ మాల్డోవెన్ బిళ్ళను వేలితో నొక్కి చూశాడట. వేలిముద్ర పడింది. సముద్రం అడుగున ఉందని ఐవార్ చెప్పిన ముద్ర, ఇప్పుడే వేసినంత మెత్తగా! తల ఎత్తి చూస్తే, ఉన్ని మూటలే ఉన్నాయన్న బురుజు కిటికీలో దీపం.

"తాళ్ళు కట్టండి" అన్నాడట.

కాసేపటికి గడియ తీశారు. ముందు మాల్డోవెన్, వెనక ఆయన సైనికులు, ఐవార్, కోల్‌బైన్.

"ఎవరీమె?" అన్నాడు మాల్డోవెన్.

ఐవార్ తడుముకోలేదు. "పనిమనిషి. మతి లేనిది. దయతలచి తిండి పెడుతున్నాను. అన్న ముద్ర ఎప్పుడో దొంగిలించి ఉంటుంది. ఇవాళ బయటపడింది."

అప్పుడు నేను ఆమె పిడికిట్లో ఉన్నాను. ఆ పిడికిలి ఒక్కసారిగా చల్లబడింది. ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. ఇన్నేళ్ళూ ఒంటరిగా, తన పేరు దగ్గర ఆగిపోతూ చదువుకున్న గొంతు అది. ఇంతమంది ఎదుట మూసుకుపోయింది. నేను సాక్ష్యం చెప్పగలిగేది ఆర్న్‌కెల్ ముద్రనని మాత్రమే. నన్ను పట్టుకున్నది ఎవరో చెప్పలేను. ముద్రగా పుట్టినందుకు నేను ఏడవగలిగితే ఆ క్షణంలో ఏడ్చేదాన్ని.

"ఎవరైనా గుర్తుపట్టగలరా?" మాల్డోవెన్ థోరా వైపు చూడను కూడా లేదు. బానిస మాట సాక్ష్యానికి రాదు.

"నేను గుర్తుపడతాను" అన్నాడు కోల్‌బైన్.

ఐవార్ గిరుక్కున తిరిగాడు. "ఏంట్రా నువ్వు గుర్తుపట్టేది? ఏం మాట్లాడుతున్నావో తెలుసా? లోయ పోతుంది. దీవులు పోతాయి. నీకు మిగిలేది ఏంటి?"

"ఆమె నా చెల్లెలు నాన్నా."

అంతే అన్నాడు. ఆ ఒక్క మాటతో లోయా పోయింది, ఆమెతో పెళ్ళీ పోయింది, తండ్రి ముఖం చూసే ధైర్యమూ పోయింది. మ్యూరియల్ వేళ్ళలోకి వేడి తిరిగొచ్చింది. ఆమె మాల్డోవెన్ ఎదుటికి వచ్చి, తండ్రి వరుసతో కాక తల్లి వరుసతో మొదలుపెట్టింది.

"గ్లెన్‌హార్ మురెడాక్ కూతురు ఎథ్నే. ఎథ్నే కూతురు బెథోక్. బెథోక్ కూతురు మ్యూరియల్. నేను మ్యూరియల్ని."

మాల్డోవెన్ గ్లెన్‌హార్ వైపువాడే. ఆ వరుస దీవుల్లో ఎవరికీ తెలియదని ఆయనకు తెలుసు. టోపీ తీసి తల వంచాడు.

ఆ సాయంత్రమే ఆమెను ఓడెక్కించాడు. థోరాను కూడా. ఓడ మీద ఆమె మొదట అడిగింది "నా గది ఏది?" అని. "ఓడంతా మీదేనమ్మా" అన్నాడాయన. ఆమె ఆ ప్రయాణమంతా చుక్కాని దగ్గర నిలబడే ఉంది, తల మీద కప్పు లేకుండా. ఒడ్డు కనబడ్డాకే ఆయన అసలు సంగతి చెప్పాడు.

"రాజుగారు మీకు తగిన వరుణ్ణి చూస్తారు. మీరింక రాజుగారి సంరక్షణలో ఉన్నట్టే."

"నేను వద్దంటే?"

ఆయన మంచివాడు. అందుకే అబద్ధం చెప్పలేక సముద్రం వైపు చూశాడు.

వరుడి పేరు రాల్ఫ్. దక్షిణాది దొర. ఆమెను కొట్టలేదు, తిట్టలేదు, ఏ తలుపుకూ గడియ వేయలేదు. ఏ విషయమూ అడగలేదు కూడా. భార్య హక్కు వల్ల లోయకు అతనే ప్రభువు. ఆ హక్కుకు గుర్తుగా నన్ను నడుముకు కట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళకు పైగా అతని గొర్రెల తగాదాల మీద, మిల్లు పన్నుల మీద నన్ను నొక్కారు. ఏ దస్తావేజులోనూ ఆమె పేరు లేదు. ఆమె మాత్రం ఇంట్లో ప్రతి గదిలో దీపం పెట్టించేది, పట్టపగలు కూడా. "దండగ" అనేవాడు రాల్ఫ్. ఆమె వినిపించుకునేది కాదు.

రాల్ఫ్ పోయిన రోజున నన్ను వెండిపళ్ళెంలో పెట్టి హాల్లోకి తెచ్చారు. పెద్దకొడుకు మాలిస్ చెయ్యి చాపాడు. మీసాలు వచ్చీరాని వయసు. మ్యూరియల్ తన అరచెయ్యి నా మీద పెట్టింది.

"ఇవ్వమ్మా. నాన్న ముద్ర."

"మీ నాన్నది కాదు, మా నాన్నది. లోయ మా అమ్మది. నేను బతికున్నంతకాలం నాది. ఆ తర్వాత నీది."

కొడుకు అందరి వైపూ చూశాడు. ఎవరైనా కాదంటారేమోనని. ఎవరూ అనలేదు. చట్టం నిజంగానే అలా ఉంది. ఎవరూ పైకి చదవలేదంతే. మాలిస్ నెమ్మదిగా పక్కకు జరిగి తల్లికి కుర్చీ చూపించాడు. నన్ను మోసిన చేతుల్లో అంత స్థిరమైన చెయ్యి నాకు మళ్ళీ తగల్లేదు. ఆమె నాతో వేయించిన మొదటి ముద్ర థోరాకు విడుదల. అప్పటికి థోరా మంచం మీద ఉంది. బిళ్ళను వేళ్ళతో తడిమి, "కాకి కాళ్ళు ఈసారి బాగా పడ్డాయి తల్లీ" అంది.

కొన్నేళ్ళకు స్కార్వే నుంచి కబురొచ్చింది. కోల్‌బైన్ యార్ల్ అయ్యాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఒకసారి రమ్మన్నాడు. మ్యూరియల్ అదే జలసంధి దాటింది. ఈసారి నేను ఆమె మెడలో ఉన్నాను, ఉప్పునీళ్ళు పడినా సరేనని.

ఐవార్‌కు చూపు పోయింది, అందుకే పదవి కొడుక్కిచ్చేశాడు. నిప్పుగూటి దగ్గర గొర్రెతోలు కప్పుకుని కూర్చున్నాడు.

"ఎవరది?"

"మ్యూరియల్ని బాబాయ్."

అతను గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. తర్వాత గుసగుసగా అడిగాడు. "ఆ రోజుల్లో దాన్ని ఎక్కడ దాచావే? రోజూ అదే ఆలోచిస్తాను. ఆ గదిలో రాయి రాయీ తట్టించాను."

"ఇల్లు వెతికిన రోజున మీ మనిషొకడు ఎత్తి, వాసన చూసి, కింద పెట్టిన మైనపు వత్తిలో."

ఐవార్ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ దగ్గాడు. దగ్గు ఏడుపైంది. "చీకట్లో కూర్చున్నావా? అది పక్కనే పెట్టుకుని?"

"ఊఁ."

"నేను దీవుల్ని కాపాడదామనుకున్నానమ్మా. వాళ్ళు మింగేస్తారని. ఇక కోల్‌బైన్ తర్వాత ఎవరు?"

జవాబు కోల్‌బైన్ చెప్పాడు. "రక్తసంబంధంలో మిగిలింది మాలిస్ ఒక్కడే నాన్నా. చెల్లెలి కొడుకు. నార్వే రాజు కూడా ఒప్పుకున్నాడు."

ఐవార్ గుడ్డికళ్ళు మంట వైపు తిప్పాడు. "అయితే నేనెందుకు..." అని ఆగిపోయాడు. మ్యూరియల్ అతని మోకాళ్ళ మీంచి జారిన గొర్రెతోలు సర్దింది. క్షమించానని అనలేదు. లేచి బురుజు మెట్లెక్కి, ఆ తలుపును కీళ్ళతో సహా ఊడదీయించి, తను చూస్తుండగా పొయ్యిలోకి చీల్పించింది. ఆ దీవిలో కట్టెలు దొరకడం కష్టం. ఆ వారమంతా హాలు వెచ్చగా ఉందన్నారు.

ఆమె పోయినప్పుడు మాలిస్ సింహం బొమ్మతో ఇత్తడి ముద్ర చేయించుకున్నాడు. నన్ను ఆమె పిడికిట్లో పెట్టి పూడ్చారు. ఆ చీకటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. మెల్లగా చుట్టూ ఉన్న వేళ్ళు ఎముకలయ్యాయి. ఒక తుపానులో సముద్రం గట్టు కోసేసినప్పుడు వెలుతురు మళ్ళీ నా మీద పడింది.

ఇప్పుడు ఒక చిన్న మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. తాళం ఉంది. ఎదుటి గోడ మీద స్కార్వే యార్ల్‌ల వంశవృక్షం. ఆర్న్‌కెల్‌కు ఒక గడి, ఐవార్‌కు, కోల్‌బైన్‌కు గడులు. కింద మాలిస్, అతని సంతానం. ఆర్న్‌కెల్‌కూ మాలిస్‌కూ నడుమ ఒక ఖాళీ గడి. అందులో ప్రశ్నార్థకం. పై నుంచి దానిలోకి వచ్చే గీత చుక్కల గీత. అంటే అక్కడ అసలు ఎవరైనా ఉన్నారో లేదో అనుమానమని.

పోయిన వసంతంలో ఒక యువ పరిశోధకురాలు చేతులకు తొడుగులు వేసుకుని నన్ను బయటికి తీసింది. మెత్తని మట్టి మీద నొక్కి చూసింది. పక్కన మ్యూజియం పెద్దాయన నిలబడ్డాడు.

"మగాడి ముద్ర ఆడమనిషి పిడికిట్లో ఎందుకుంది సార్?"

"భార్య అయ్యుంటుంది. గుర్తుగా పెట్టి ఉంటారు."

"భార్య ముందే పోయింది కదా. ఈ ఎముకలు తర్వాతి తరానివి. దీని నడుమున మంట తగిలిన మచ్చ కూడా ఉంది. నాకు కూతురనిపిస్తోంది."

"కావచ్చు. పేరు ఎక్కడా లేదుగా. పేరు లేనివాళ్ళను గడిలో ఎలా రాస్తాం?"

ఆమె నన్ను పెట్టెలో పెట్టి తాళం వేసింది. వంశవృక్షం ఉన్న గోడ దగ్గరికి వెళ్ళింది. నాకు నోరుంటే ఆ రెండడుగుల దూరంలో అరిచేదాన్ని. పేరు నా దగ్గరే ఉంది. అద్దం ఇవతల.

ఆమె జేబులోంచి నల్లసిరా పెన్ను తీసింది. "పేరు మనకు తెలీదు సార్. కాని మనిషి ఉంది. మన చేతులతోనే మట్టిలోంచి తీశాం కదా" అంది. చుక్కకూ చుక్కకూ నడుమ ఉన్న ఖాళీలన్నీ నింపుకుంటూ, ఆర్న్‌కెల్ నుంచి ఆ గడి దాకా గీత గట్టిగా గీసింది.